వాన నేలలోకి దిగే వేగం



తొలకరి కురిసిన మర్నాడు ఏ ఊరి రచ్చబండ దగ్గరికి వెళ్ళినా ఒకటే మాట వినిపిస్తుంది: రాత్రి వాన ఎంత పడింది? మండల కేంద్రంలో ఉన్న వర్షమాపకం ఇన్ని మిల్లీమీటర్లని లెక్క చెబుతుంది. ఆ లెక్క పేపర్లోనూ వస్తుంది, రేడియోలోనూ వస్తుంది. రైతు మాత్రం అంతటితో ఊరుకోడు. చేలోకి వెళ్ళి, పారతో ఒక పెళ్ళ లేపి, పదును ఎంత లోతుకు దిగిందో చూస్తాడు. జానెడు దిగితే గొర్రు కడతాడు. నాలుగు వేళ్ళే దిగితే ఇంకో వాన కోసం ఆగుతాడు. ఆకాశం ఎంత ఇచ్చిందన్నది మొదటి లెక్క, నేల ఎంత తీసుకుందన్నది రెండో లెక్క. పంట బతికేది రెండో లెక్క మీద.

మొదటి లెక్కకు మన దగ్గర ఏళ్ళ తరబడి రికార్డులున్నాయి. రెండో లెక్క మాత్రం రైతు చేతివేళ్ళ దగ్గరే ఆగిపోయింది. నీరు నేలలోకి ఎంత వేగంగా ఇంకుతుందో కొలవడం కష్టమైన పని కాదు. ఒక ఇనుప రింగు, ఒక సీసాడు నీళ్ళు, ఒక గడియారం చాలు. ఎలా కొలవాలో, ఆ అంకె మనకు ఏం చెబుతుందో, దాన్ని ఎందుకు ప్రతి రైతూ తెలుసుకోవాలో ఈ ప్రసంగంలో చెబుతాను. మధ్యలో కొన్ని కొలతలు వస్తాయి. వీలైతే ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.

ముందు ఈ కొలత విలువ ఏమిటో చూద్దాం. ఒక ఎకరం మీద 1 మిల్లీమీటరు మందాన నీరు పరిస్తే అది 4,047 లీటర్లు. ఇప్పుడు సాయంత్రం పూట ఉరుములతో ఒక జడివాన వచ్చిందనుకోండి. గంటకు 40 మిల్లీమీటర్ల చొప్పున కురుస్తోంది. మన చేను గంటకు 15 మిల్లీమీటర్లే లోపలికి తీసుకోగలదు. మిగిలిన 25 మిల్లీమీటర్లు ఏమవుతాయి? గుంటల్లో కొంత నిలిచి, తక్కింది గట్టు తెంపుకొని వాగులోకి పోతుంది. ఎకరానికి, ఒక్క గంటలో, లక్ష లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్ల లెక్కన 20 ట్యాంకర్లు. అనంతపురం జిల్లాలో బోరు ఎండిపోయినప్పుడు చీనీ తోటను బతికించుకోవడానికి ట్యాంకరు నీళ్ళు కొని పోసిన రైతులకు ఆ 20 ట్యాంకర్ల విలువ ఎంతో నేను చెప్పనక్కర్లేదు. పైగా ఆ నీరు ఒంటరిగా పోదు. ఏళ్ళ తరబడి తోలిన ఎరువును, మెత్తటి పైమట్టిని వెంట తీసుకుపోతుంది.

అదే చేను గంటకు 40 మిల్లీమీటర్లు తీసుకోగలిగితే చుక్క కూడా గట్టు దాటదు. వాన అదే, విస్తీర్ణం అదే. తేడా అంతా నేల నీటిని లోపలికి రానిచ్చే వేగంలో ఉంది.

మరి నేలలో ఏం జరుగుతుంది? మట్టి రేణువుల మధ్య ఖాళీలుంటాయి. ఇసుక నేలలో అవి పెద్దవి, బంకమట్టిలో కంటికి కనిపించనంత సన్నవి. వీటికి తోడు వేర్లు కుళ్ళి వదిలిన సన్నని గొట్టాలు, వానపాములు చేసిన బొరియలు, ఎండకు విచ్చిన నెర్రెలు ఉంటాయి. ఎండిన నేల మీద నీరు పడగానే దాన్ని రెండు బలాలు లోపలికి లాగుతాయి. ఒకటి నీటి బరువు. రెండోది పొడి మట్టిలోని సన్నని సందులు నీటిని పీల్చుకునే కేశాకర్షణ. మొదట్లో ఈ పీల్పు చాలా బలంగా ఉంటుంది. అందుకే తొలి నిమిషాల్లో నీరు గబగబా ఇంకిపోతుంది. పైపొర తడిసి, తడి కిందికి దిగుతున్న కొద్దీ ఆ పీల్పు పలచబడుతుంది. బంకమట్టి ఉబ్బి సందులు మూసుకుంటాయి. లోపల చిక్కుకున్న గాలి కూడా దారికి అడ్డం పడుతుంది. ఇంకే వేగం తగ్గుతూ తగ్గుతూ చివరకు ఒక దగ్గర నిలకడకు వస్తుంది. అక్కడి నుంచి నీటిని దించేది దాని బరువు ఒక్కటే. ఆ నిలకడ వేగమే నేల అసలు శక్తి. గంటల తరబడి కురిసే ముసురు వానలో మనకు పనికొచ్చేది అదే.

ఈ సంగతిని శాస్త్రంగా నిలబెట్టినవాళ్ళను ఒక్కసారి తలచుకోవాలి. 1911లో ఆస్ట్రేలియాలో గ్రీన్, ఆంప్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, తడి ఒక అంచులాగా నేలలోకి దిగుతుందని భావించి దాని వేగానికి ఒక సూత్రం రాశారు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన రాబర్ట్ హోర్టన్ అనే జలశాస్త్రవేత్త 1933లో ప్రకటించిన వ్యాసంలో ఒక సూటి మాట చెప్పాడు. ప్రతి నేలకూ నీటిని లోపలికి తీసుకునే శక్తికి ఒక హద్దుంది, వాన జోరు ఆ హద్దును మించినప్పుడు మిగిలిన నీరు పైన పారుతుంది అన్నాడు. నేల శక్తి కాలంతో పాటు ఎలా తగ్గి నిలకడకు వస్తుందో కూడా సూత్రంగా చూపాడు. ఈనాటికీ వాటర్‌షెడ్ పనుల లెక్కలకు ఆ ఆలోచన ఒక పునాది.

ఇక కొలిచే పద్ధతికి వద్దాం.

పరిశోధన కేంద్రాల్లో జంట రింగుల ఇన్‌ఫిల్ట్రోమీటర్ వాడతారు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఇనుప రింగు లోపల, 60 సెంటీమీటర్ల వ్యాసం ఉన్నది దాని చుట్టూ. రెండింటినీ నేలలోకి దిగగొట్టి, రెండింటిలోనూ ఒకే ఎత్తున నీళ్ళు నిలుపుతారు. లోపలి రింగులో నీటి మట్టం ఎంత దిగిందో మొదట్లో కొన్ని నిమిషాలకొకసారి, తర్వాత అరగంటకొకసారి రాసుకుంటారు. రెండు రింగులు ఎందుకు? ఒక్క రింగులో పోసిన నీరు కిందికే కాకుండా పక్కలకు కూడా పాకుతుంది. అప్పుడు అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. బయటి రింగులో నీరు ఆ పక్క మట్టిని తడిపి ఉంచుతుంది కాబట్టి, లోపలి నీరు చాలావరకు నిలువునా దిగుతుంది. మనం కొలిచేది లోపలి రింగునే.

రైతు ఇంటి దగ్గర చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ తన రైతుల కోసం రూపొందించిన నేల పరీక్ష కిట్టులో ఇలాంటి ఒంటి రింగునే పెట్టింది. మనకు కావలసినవి చెబుతాను, రాసుకోండి. లోపలి వ్యాసం 15 సెంటీమీటర్లు, పొడవు 13 సెంటీమీటర్లు ఉన్న ఇనుప పైపు ముక్క. వెల్డింగు షాపులో కోయించి, ఒక అంచును పలచగా అరగదీయించండి. ఒక చెక్క ముక్క, ఒక సుత్తి, ఒక పలచటి ప్లాస్టిక్ కవరు, మిల్లీలీటర్ల గుర్తులున్న సీసా, సెకన్లు చూపే గడియారం లేదా సెల్‌ఫోను.

చేలో చోటు ఎంచుకోండి. అక్కడి కలుపును వేర్లతో సహా పీకకుండా నేల మట్టానికి కత్తిరించండి. పీకితే మట్టి కదిలి, లేని దారులు తెరుచుకుంటాయి. రింగును అరగదీసిన అంచు కిందికి వచ్చేలా నిలబెట్టి, పైన చెక్క అడ్డం పెట్టి, నిటారుగా దిగేలా సుత్తితో కొట్టండి. 7 లేదా 8 సెంటీమీటర్లు నేలలోకి దిగాలి. లోపలి అంచు వెంబడి మట్టిని వేలితో మెల్లగా అదమండి. అక్కడ సందుంటే నీరంతా ఆ సందులోంచే పోతుంది. ఇప్పుడు రింగు లోపల ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద 440 మిల్లీలీటర్ల నీళ్ళు పోయండి. ఈ వ్యాసం ఉన్న రింగులో అది 25 మిల్లీమీటర్ల వానకు సమానం. కవరును మెల్లగా పక్కకు లాగేయండి. నీరు పై నుంచి ధారగా పడి మట్టిని చెదరగొట్టకుండా ఉండటానికే ఈ జాగ్రత్త. కవరు తీసిన క్షణం నుంచి గడియారం చూడండి. నీరంతా ఇంకి, మట్టి పైన తడి మెరుపు మాత్రమే మిగిలినప్పుడు ఆపండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి.

ఇది సగం పనే. మొదటిసారి పోసిన నీరు పొడి మట్టి పీల్పు వల్ల త్వరగా పోతుంది. ఆ అంకె నేల ఎంత ఎండి ఉందో చెబుతుంది తప్ప దాని అసలు శక్తిని చెప్పదు. అందుకే రింగును కదపకుండా, మళ్ళీ కవరు పరిచి, మళ్ళీ 440 మిల్లీలీటర్లు పోసి, రెండోసారి సమయం చూడండి. ఈ రెండో అంకెనే లెక్కలోకి తీసుకోండి.

లెక్క కూడా సులువే. 1500ను మీకు పట్టిన నిమిషాలతో భాగించండి. వచ్చినదే గంటకు ఇన్ని మిల్లీమీటర్లని ఇంకే వేగం. రెండోసారి నీరు ఇంకడానికి 50 నిమిషాలు పడితే, 1500ను 50తో భాగిస్తే 30. గంటకు 30 మిల్లీమీటర్లన్నమాట. 25 నిమిషాలే పడితే 60. రెండున్నర గంటలు, అంటే 150 నిమిషాలు పడితే 10.

ఈ అంకెను దేనితో పోల్చాలి? ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాగునీటి శిక్షణ పుస్తకాల్లో నేలల నిలకడ వేగానికి ఒక పట్టిక ఉంది. ఇసుక నేలలు గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా తీసుకుంటాయి. ఇసుక పాలు ఎక్కువైన గరప నేలలు 20 నుంచి 30. గరప నేలలు 10 నుంచి 20. బంక పాలు ఎక్కువైన గరప నేలలు 5 నుంచి 10. బంక నేలలు 1 నుంచి 5. మన చిన్న రింగులో పక్కలకు పోయే నీరు కూడా కలుస్తుంది కాబట్టి, అంకె కొంత ఎక్కువగానే వస్తుంది. అయినా మీ గరప నేల బంకనేల అంకె చూపిస్తోందంటే, ఆ చేలో ఏదో తేడా జరిగిందని గట్టిగా అనుమానించవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఒక్క చోట కొలిచి చేనంతటికీ అదే అనుకోకూడదు. ఒక గజం దూరంలో ఉన్న రెండు చోట్ల అంకెలు రెండింతలు, మూడింతలు తేడాగా రావడం మామూలే. ట్రాక్టరు చక్రం తిరిగిన జాడలో ఒకటి, మొక్కల సాలులో ఒకటి, వాలు పైభాగంలో ఒకటి, కింద ఒకటి, గట్టు మీది చెట్టు నీడన ఒకటి, ఇలా కనీసం ఐదు చోట్ల కొలవండి. వాన పడి నేల నానిపోయి ఉంటే ఒకటి రెండు రోజులు ఆగండి. ప్రతి అంకె పక్కన తేదీ, చోటు, ఆ రోజు నేల పొడిగా ఉందో తడిగా ఉందో రాసుకోండి. అవి లేని అంకె వచ్చే ఏడాదికి అర్థం కాదు.

ఇంకో తేడా ఉంది. రింగులో నీరు నిదానంగా నిలబడి ఉంటుంది. వానలో చినుకు ఎత్తు నుంచి వచ్చి మట్టిని కొడుతుంది. మన ఎర్రనేలల్లో ఈ దెబ్బకు పైమట్టి గడ్డలు చితికి, సన్నటి రేణువులు పై సందుల్లో ఇరుక్కుని, ఆరాక గట్టి పెచ్చు కడుతుంది. తెలంగాణ చల్క నేలల్లో, రాయలసీమ ఎర్రచేలల్లో ఈ పెచ్చును పగలగొట్టలేక మొలకలు లోపలే వంకర తిరిగిపోవడం చూస్తుంటాం. అందుకే రింగు చెప్పిన దానికన్నా అసలు వానలో నేల తక్కువ తీసుకుంటుంది. నేల ఖాళీగా ఉన్నకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. చొప్ప, ఆకు, పంట కోసిన మోళ్ళు నేలను కప్పి ఉంచితే చినుకు దెబ్బను అవి కాచుకుంటాయి. వాన వెలిశాక ఒకసారి గుంటక తోలి పెచ్చు పగలగొట్టడం మన పెద్దల నాటి నుంచీ ఉన్న పద్ధతే. గుంటక తోలక ముందు ఒకసారి, తోలాక ఒకసారి రింగు పెట్టి చూడండి. ఆ పని ఎందుకు చేస్తున్నామో అంకెల్లో కనిపిస్తుంది.

మన నేలల్లో నల్లరేగడి తీరు వేరు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఆవరణలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. 1970ల్లో అక్కడి శాస్త్రవేత్తలు రెండు నేలల్లోనూ ఇంకే వేగం కొలిచారు. లోతైన నల్లరేగడి తొలి అరగంటలో గంటకు 70 మిల్లీమీటర్లకు పైగా వేగంతో నీరు తీసుకుంది. ఎండిన నెర్రెల మహిమ అది. రెండు గంటలు తిరక్కుండానే ఆ వేగం పదో వంతుకన్నా తగ్గింది. రోజుల తరబడి తడిసి బంకంతా ఉబ్బాక, గంటకు 0.2 మిల్లీమీటర్ల దగ్గర నిలబడింది. అంటే నిండా తడిసిన రేగడి మీద రోజంతా నీరు నిలిపినా 5 మిల్లీమీటర్లు దిగడం గగనం. ఎర్రనేలలో తొలి వేగం ఇంచుమించు అంతే ఉన్నా, నిలకడ వేగం రేగడికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ ఒక్క కొలతలో మన రైతుల అనుభవం అంతా ఉంది. కర్నూలు, ప్రకాశం ప్రాంతాల రేగడి రైతులు వానాకాలంలో చేను ఖాళీగా ఉంచి, నేలకు నీరు పట్టనిచ్చి, ఆ పదును మీద రబీలో శనగ, జొన్న వేస్తూ వచ్చారు. నెర్రెలు తెరుచుకుని ఉన్నప్పుడు పడే తొలి వానలే రేగడి లోతుకు వెళ్ళే నీరు. నెర్రెలు మూసుకున్నాక పడిన వాన పైన నిలిచి వేర్లకు ఊపిరాడనివ్వదు. అందుకే ఇక్రిశాట్ రేగడి భూములకు వెడల్పాటి మడులు, వాటి మధ్య కాలువలు ఉండే పద్ధతిని ముందుకు తెచ్చింది. ఎక్కువైన నీరు మెల్లగా కాలువలోకి పోతుంది, మడి మీది మొక్క మునగదు. ఎర్రనేలకు కావలసింది వేరు. అక్కడ నీటిని నిలిపి, ఇంకడానికి సమయం ఇవ్వాలి. వాలుకు అడ్డంగా దున్నాలి, బోదెలు కట్టాలి, కందకాలు తీయాలి. రెండు నేలలకూ ఒకటే మందు రాసే పథకం ఏదైనా సగం చేలల్లో నష్టం చేస్తుంది.

చౌడు భూముల సంగతి ఇంకొకటి. కారుచౌడులో సోడియం ఎక్కువ. అది బంక రేణువులను విడదీసి సందులన్నీ పూడ్చేస్తుంది. వాన పడితే మురికినీరు రోజుల తరబడి పైన నిలుస్తుంది, అడుగున జానెడు తవ్వితే పొడి మట్టే కనిపిస్తుంది. భూసార పరీక్ష చేయించి, చెప్పిన మోతాదులో జిప్సం వేసి, మంచినీటితో నేలను కడిగితే, జిప్సంలోని కాల్షియం సోడియం స్థానంలోకి వచ్చి బంక మళ్ళీ గుళికలు కడుతుంది. మందు పనిచేసిందా లేదా అన్నది తెలుసుకోవడానికి వచ్చే పంట దిగుబడి దాకా ఆగనక్కర్లేదు. రింగు ముందే చెబుతుంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో అయితే ఇంకో హద్దు ఎదురవుతుంది. వానాకాలంలో అక్కడ భూగర్భజలం చాలాచోట్ల నేలకు దగ్గరగా ఉంటుంది. మట్టి ఎంత మంచిదైనా, అడుగున చోటే లేనప్పుడు నీరు ఎక్కడికి పోతుంది? అక్కడ అవసరమయ్యేది మురుగు కాలువ పూడిక తీయడం. నీరు ఇంకించే పనులకు పెట్టే డబ్బు అక్కడ వృథా.

వరి విషయంలో మన పని పూర్తిగా తలకిందులవుతుంది. మిగతా పంటలకు నీరు ఇంకాలని చూస్తాం. మాగాణిలో ఇంకకూడదని చూస్తాం. దమ్ము చేయడమంటే నీటిలో మట్టిని కలియతొక్కి, గుళికలను చితక్కొట్టి, పై సందులను పూడ్చడమే. బాగా దమ్ము చేసిన బంకనేలలో ఇంకే నీరు రోజుకు కొన్ని మిల్లీమీటర్లకు పడిపోతుంది. అదే తేలిక నేలలో వరి నాటితే ఎంత దమ్ము చేసినా నీరు కిందికి జారిపోతూనే ఉంటుంది, మోటారు ఆగకుండా తిరుగుతుంది. బోరు కింద వరి వేయాలా, వద్దా అన్న ప్రశ్నకు ఒక పూట పెట్టే రింగు కొలత నిజాయితీగా జవాబిస్తుంది. ఏళ్ళ తరబడి దమ్ము చేసిన చోట అడుగున గచ్చు చేసినట్టు ఒక గట్టి పొర ఏర్పడుతుంది. వరి తర్వాత అదే మడిలో మినుమో, మొక్కజొన్నో వేసినప్పుడు వేరు అక్కడే ఆగిపోతుంది. తడి ఆరకముందే ట్రాక్టరు దించిన మెట్ట చేలల్లోనూ ఇలాంటి పొర కనిపిస్తుంది.

ఇక నీరు పెట్టే పద్ధతికి ఈ అంకె ఎలా పనికొస్తుందో చెబుతాను. స్ప్రింక్లర్లతో వేరుశనగకు నీరు పెడుతున్నారనుకోండి. ఆ సెట్టు గంటకు 12 మిల్లీమీటర్లు చిమ్ముతోంది, మీ నేల 6 మాత్రమే తీసుకుంటోంది. సగం నీరు వాలు వెంట పోతుంది, దానికి కాల్చిన కరెంటూ పోతుంది. నాజిల్ మార్చి చిమ్మే వేగం తగ్గించాలి, లేదా కొంతసేపు పెట్టి, ఆపి, మళ్ళీ పెట్టాలి. కాలువ తడి ఇచ్చేవాళ్ళయితే, వేగంగా ఇంకే తేలిక నేలలో బోదెలు పొట్టిగా ఉండాలి. పొడుగు బోదె పెడితే మొదట్లోని మొక్కలకు నీరు వేర్లు దాటి దిగిపోతుంది, చివరి మొక్కలకు చేరనే చేరదు. బంకనేలలో బోదె పొడుగ్గా ఉన్నా ఫరవాలేదు.

పట్టణాల్లో ఉన్న శ్రోతలకూ ఈ కొలతతో పని ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం తర్వాత ఇంకుడు గుంత అన్న మాట ప్రతి ఇంటికీ తెలిసింది. గుంత తవ్వారు, కంకర నింపారు. అడుగున మట్టి నీటిని ఎంత వేగంగా తీసుకుంటుందో చూసింది మాత్రం తక్కువమంది. 100 చదరపు మీటర్ల డాబా మీద 20 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2 వేల లీటర్లు వస్తుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న గుంత అడుగు గంటకు 20 మిల్లీమీటర్లు తీసుకుంటే, గంటకు పోయేది 20 లీటర్లే. అడుగు నుంచి మాత్రమే లెక్కేస్తే ఆ నీరంతా దిగడానికి నాలుగు రోజులు. పక్క గోడల నుంచి పోయేది కలిపినా, మర్నాడు మళ్ళీ వాన వస్తే గుంత పొంగుతుంది. కాబట్టి పెద్ద గుంత తవ్వే ముందు అదే చోట, అదే లోతుకు ఒక చిన్న గొయ్యి తీయండి. ముందురోజు రాత్రి నీళ్ళు పోసి నాననివ్వండి. తెల్లవారి మళ్ళీ నీరు నింపి, గంటకు ఎంత మట్టం దిగిందో స్కేలుతో చూడండి. బాగా దిగితే అక్కడే తవ్వండి. దిగకపోతే ఇంకా లోతుగానో, మరో మూలనో వెతకండి. తవ్విన గుంతలో కూడా ఏటా వానలకు ముందు పైపొర మట్టి, ఆకులు తీసేయాలి. ఒండ్రు పేరుకున్న కొద్దీ ఇంకే వేగం పడిపోతుంది.

ఈ ఒండ్రు గుణమే చెరువుల్లో మనకు మేలు చేసింది. చెరువు అడుగున చేరిన సన్నటి మట్టి నీటిని నిలిపి ఉంచింది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ పథకంలో పూడిక తీసి చేలకు తోలారు. చల్క నేలకు ఆ మట్టి బలం ఇస్తుంది, పదును ఎక్కువ రోజులు నిలుపుతుంది. అయితే మోతాదు మించితే పైపొరలో బంక పెరిగి ఇంకే వేగం తగ్గే ప్రమాదమూ ఉంది. చేనంతా తోలక ముందు ఒక సెంటులో వేసి, ఒక వానాకాలం గడిచాక రింగుతో పోల్చి చూడటం తెలివైన పని.

ఇంకే వేగం పుట్టుకతో వచ్చి మారకుండా ఉండిపోయే గుణం కాదు. ఇసుక, బంక పాళ్ళను మనం మార్చలేం. సందులు తెరిచి ఉంచడం మాత్రం మన చేతిలో పని. పశువుల ఎరువు, జీలుగ, జనుము, పిల్లిపెసర వంటి పచ్చిరొట్ట మట్టిని గుళికలుగా కడుతుంది. వాటి వేర్లు వదిలిన దారులు, వానపాముల బొరియలు నీటికి తలుపులు. తడి నేలలో ట్రాక్టరు దించకపోవడం, వేసవి దుక్కి వాలుకు అడ్డంగా చేయడం, చొప్పను తగలబెట్టకుండా చేలోనే ఉంచడం, వీటన్నిటి ఫలితం ఏడాదికేడాది అదే రింగులో కనిపిస్తుంది.

చివరగా నేను కోరేది ఒకటి. కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన భూసార కార్డు మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది. అందులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల పరిమాణం, సేంద్రియ కర్బనం. ఇవన్నీ కావలసినవే. నీరు ఇంకే వేగం మాత్రం అందులో లేదు. మన మెట్ట సాగు వాన మీదే నడుస్తోంది. ఎంత ఎరువు వేసినా దాన్ని వేరుకు అందించేది నేలలోకి దిగిన నీరే. ఆ నీరు ఎంత వేగంగా దిగుతుందో చెప్పని కార్డు నా దృష్టిలో అసంపూర్ణం. వ్యవసాయ శాఖ దాన్ని చేర్చాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను. ఊరికి నాలుగు రింగులు, వాడటం తెలిసిన ఇద్దరు యువకులు ఉంటే చాలు. ప్రయోగశాల అవసరం లేదు, రసాయనం అవసరం లేదు. హైస్కూలు పిల్లలు కూడా సైన్సు పాఠంగా ఈ పని చేయగలరు.

అది వచ్చేదాకా ఆగకండి. ఈ తొలకరికి ముందే ఒక రింగు చేయించుకోండి. మీ చేలో ఐదు చోట్ల కొలిచి, ఆ అంకెలను మీ భూసార కార్డు వెనుక తేదీతో సహా పదమూడో అంశంగా రాసుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో, అదే చోట్ల మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే మీరు చేసిన పని ఫలించినట్టు, అదే దారిలో సాగండి. తగ్గితే కారణం వెతికి, దుక్కి పద్ధతి మార్చండి.